పరారుణ వెలుగులో పక్షవాతం

కొవ్వూరులో ఓ మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి, మాట తడబడి, చెయ్యి పట్టు తప్పితే ఇంట్లోవాళ్ళు ముందు చూడాల్సింది గడియారం. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని గోదారి దాటించాలి. పడవల కోసం రేవులో కాచుకునే కాలం పోయి చాలా ఏళ్ళయింది. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చింది, 2015లో నాలుగో వంతెన తెరిచారు. అవతలి ఒడ్డున రాజమండ్రిలో స్కానింగులున్నాయి. అయినా మన ఇళ్ళలో మొదట వినబడేది "ఏం లేదండీ, తిమ్మిరెక్కింది, కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటుంది" అనే మాట. ఆ తర్వాత ఎవరో ఒకరు పావురం నెత్తురు రాస్తే కుదురుతుందంటారు. ఈ రెండు మాటలూ తినేసే సమయం ముందు వంతెన మీద గడిచే నిమిషాలు ఓ లెక్కలోవి కావు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా పనికొచ్చేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగేసే పద్ధతి ఉంది. దానికి కొందరి విషయంలో 24 గంటల దాకా వ్యవధి దొరుకుతుంది. అమెరికన్ న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో ఓ లెక్క వేశారు. పెద్ద నాళం మూసుకుపోయిన పక్షవాతంలో వైద్యం అందని ప్రతి నిమిషానికీ దాదాపు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని ఆయన అంచనా. ఈ అంకెను డాక్టర్లు తరచూ చెబుతారు. మనం విని భయపడతాం, అక్కడితో ఊరుకుంటాం. కానీ కణం చనిపోవడమంటే దీపం ఆర్పినట్టు ఒక్క క్షణంలో ముగిసే పని కాదు. ఏ పదార్థం ముందు అయిపోతుంది, ఏది పేరుకుంటుంది, ఏ మూలన కణాలు ఇంకా తేరుకునే స్థితిలో ఉంటాయి? ఆస్పత్రి స్కాన్లు వీటికి పూర్తి జవాబు చెప్పవు. సిటీ స్కాన్ ముఖ్యంగా తేల్చేది లోపల నెత్తురు చిందిందా లేదా అన్నది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే మొదటి గంటల్లో అందులో ఏమీ తేడా కనబడకపోవచ్చు కూడా. ఎంఆర్ఐ నీటి కదలికను చూస్తుంది, వాపును పసిగడుతుంది. కణాల్లోని కొవ్వులకు, ప్రొటీన్లకు, చక్కెరలకు ఏమైందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకున్న కొన్ని ప్రయోగశాలలు పరారుణ కిరణాలను, అంటే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును, ఆశ్రయించాయి.

అది ఏం చూస్తుందో చెప్పేముందు, చూడాల్సినది ఏమిటో చెప్పాలి.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళు. వాడుకునే ఆక్సిజన్ మాత్రం ఒళ్ళంతా వాడేదాంట్లో ఐదో వంతు. ఇంత ఖర్చున్న అవయవానికి నిల్వలు నామమాత్రం. రక్తం తెచ్చి ఇస్తేనే పూట గడుస్తుంది. ఆ ఖర్చులో పెద్ద భాగం కణం పొరలోని సోడియం-పొటాషియం పంపులకే పోతుంది. లోపలికి చొరబడే సోడియాన్ని బయటికి తోడుతూ, పొటాషియాన్ని లోపలికి తెస్తూ ఉండటం వాటి పని. వాటిని నడిపే ఇంధనం ఏటీపీ. నెత్తురు ఆగగానే కణం ఏటీపీని కాపాడుకోవడానికి పక్కనున్న ఫాస్ఫోక్రియాటిన్‌ను కరిగిస్తుంది. అది నిమిషం తిరక్కుండానే దాదాపు అయిపోతుంది. మరికొన్ని నిమిషాల్లో ఏటీపీ కూడా అడుగంటుతుంది. ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విరగ్గొట్టడంతో లాక్టేట్ పేరుకుంటుంది. పంపులు ఆగుతాయి. సోడియం, దాని వెంట నీరు లోపలికొచ్చి కణాలు ఉబ్బుతాయి. కణాల మధ్య కబురు మోసే గ్లూటమేట్ అదుపు లేకుండా బయటపడి పక్క కణాలను రెచ్చగొడుతుంది, వాటిలోకి కాల్షియం వచ్చిపడుతుంది. ఆ కాల్షియం మేల్కొలిపే ఎంజైములు కణం పొరలోని కొవ్వులనూ లోపలి ప్రొటీన్లనూ కోసెయ్యడం మొదలుపెడతాయి.

ఈ వరసలో మొదట చెప్పిన రెండు పదార్థాల చరిత్రలోనూ మన పశ్చిమ గోదావరి మనిషి ఒకాయన ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. చదువుకున్న రోజుల్లో కొంతకాలం కొవ్వూరుకు ఎదురుగా ఉన్న రాజమండ్రిలో గడిపారు, అవి ఆయనకు కష్టపు రోజులు. మెట్రిక్యులేషన్ మద్రాసులో మూడో ప్రయత్నానికి గానీ గట్టెక్కలేదు. ఆ మనిషే హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఫాస్ఫోక్రియాటిన్ జాడ అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ దొరికింది. ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నారు. మనవాళ్ళ వ్యాసాల్లో ఈ పేర్లు మాయమవుతుంటాయి. సుబ్బారావు గొప్పదనానికి ఆ దాపరికం అవసరం లేదు.

ఆయన పరికరం వెలుగే. 1925లో ఫిస్క్, సుబ్బారావు ప్రచురించిన పద్ధతిలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలుపుతారు, తర్వాత ఇంకో రసాయనంతో దాన్ని నీలంగా మారుస్తారు. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కలరీమీటర్లో కొలిస్తే ఫాస్ఫరస్ లెక్క వచ్చేస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా బయోకెమిస్ట్రీ విద్యార్థులు చేతులు నీలం చేసుకుంది ఈ పద్ధతితోనే. అయితే దీనికొక మూల్యం ఉంది. కొలవాలంటే కండరాన్ని నూరాలి, రసం తియ్యాలి, వడకట్టాలి. అప్పుడు మొత్తంలో ఎంత ఉందో తెలుస్తుంది, ఎక్కడ ఉందో పోతుంది. కండరానికి అది పెద్ద నష్టం కాదు, ఒక పోగు పక్క పోగులానే ఉంటుంది. మెదడుకు అలా కాదు. పక్షవాతం తగిలిన మెదడులో చచ్చిన చోటుకూ బతికిన చోటుకూ మధ్య దూరం కొన్ని చోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. అదంతా కలిపి నూరితే వచ్చే సగటు ఏ ఒక్క కణం గురించీ నిజం చెప్పదు.

ఆ సరిహద్దు గురించే 1981లో ఆస్ట్రుప్, సీష్యో, సైమన్ అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. మామూలుగా వంద గ్రాముల మెదడుకు నిమిషానికి యాభై మిల్లీలీటర్ల చొప్పున రక్తం అందుతుంది. అది ఇరవై దరిదాపుల్లోకి పడిపోతే న్యూరాన్లు మూగబోతాయి, కానీ చనిపోవు. పదికి దిగితే పంపులు ఆగి చావు మొదలవుతుంది. ఈ రెండు అంకెల మధ్య చిక్కుకున్న ప్రాంతాన్ని పెనంబ్రా అంటారు. ఇంజెక్షను ఇచ్చినా, గొట్టంతో గడ్డను లాగినా డాక్టరు కాపాడుతున్నది ఆ ప్రాంతాన్నే. నడిమి భాగం అప్పటికే పోయి ఉంటుంది.

ఇక వెలుగు సంగతి. ఇన్‌ఫ్రారెడ్ అనగానే కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు కొందరికి గుర్తొస్తుంది, వేలికి తగిలించిన ఆక్సీమీటరు కొందరికి. రెండూ పరారుణమే గానీ మన కథ ఈ రెంటిదీ కాదు. థర్మామీటరు ఒంట్లోంచి వచ్చే వేడి కిరణాల మొత్తాన్ని కొలుస్తుంది. ఆక్సీమీటరు కంటికి కనిపించే ఎరుపునూ, దానికి ఆనుకుని ఉండే పరారుణాన్నీ వేలిగుండా పంపి హిమోగ్లోబిన్ ఎంత ఆక్సిజన్ మోస్తోందో లెక్కగడుతుంది. ఈ దగ్గరి పరారుణం చర్మాన్నీ ఎముకనూ కూడా కొంతమేర దాటిపోతుంది. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రజ్ఞుడు దాంతో పుర్రె తెరవకుండానే మెదడులో ఆక్సిజన్ హెచ్చుతగ్గులు చూడవచ్చని చూపించారు. అది ఆస్పత్రి మంచం దగ్గరికి వెళ్ళిన శాఖ.

మనకు కావలసింది ఇంకా అవతల, రెండున్నర మైక్రాన్ల నుంచి పాతిక మైక్రాన్ల తరంగాల దాకా పరుచుకున్న మధ్య పరారుణం. 1800లో విలియం హెర్షెల్ గాజు పట్టకంతో సూర్యకాంతిని విడదీసి, ఎరుపు ముగిసిన చోట థర్మామీటరు పెట్టి కంటికి కనబడని వేడిని పట్టుకున్నప్పుడు ఈ లోకం తలుపు తెరుచుకుంది. అణువుల్లోని బంధాలు ఊరికే ఉండవు, సాగుతూ ముడుచుకుంటూ వంగుతూ ఉంటాయి. ఒక్కో బంధానికి తనదైన వేగం. పరమాణువులు బరువైతే నెమ్మది, బంధం బిర్రుగా ఉంటే జోరు. ఆ కంపనాల వేగాలు సరిగ్గా మధ్య పరారుణ కాంతి తరంగాల కంపన వేగాలతో సరితూగుతాయి. వేగం కలిసిన కాంతిని బంధం మింగేస్తుంది. అవతల చేరిన వెలుగులో ఏ రంగు తగ్గిందో చూస్తే, మధ్యలో ఏ బంధాలున్నాయో తెలుస్తుంది.

ప్రతి కంపనమూ కాంతిని మింగదు. కంపించేటప్పుడు అణువులో విద్యుదావేశం అటూ ఇటూ ఒరగాలి, అప్పుడే పరారుణం పట్టుబడుతుంది. గాలిలో ఎక్కువగా ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో ఆ ఒరుగు లేదు, అందుకే అవి పరారుణానికి అడ్డురావు. తేమ, కార్బన్ డయాక్సైడ్ అడ్డొస్తాయి. ఏ కంపనం పరారుణంలో దొరుకుతుంది, ఏది చెదిరిన వెలుగును చదివే రామన్ పరిక్షేపణంలో దొరుకుతుంది అన్న లెక్క అణువు సౌష్ఠవం మీద ఆధారపడుతుంది. ఆ లెక్కను గణితంలోని గ్రూపు సిద్ధాంతంతో తేల్చే దారిని వాల్తేరులో కూర్చుని పుస్తకంగా రాసినవారు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాన్ని ప్రచురించింది. కలకత్తాలో సి. వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన కృష్ణా జిల్లా మనిషి భగవంతం. ఆ విశ్వవిద్యాలయంలోనే కె. రంగధామరావు వర్ణపటశాస్త్రానికి ఓ పెద్ద బడిని నిలబెట్టారు. భీమవరం మనిషి ఏటీపీ అణువును కనిపెట్టడం, కృష్ణా జిల్లా మనిషి అణువు కంపనాల లెక్క రాయడం కాకతాళీయమే. పక్షవాతం ఆ ఇద్దరి ఆలోచనలోనూ ఉన్న విషయం కాదు.

ఈ రంగంలో కొలత తరంగ సంఖ్యల్లో చెబుతారు, అంటే ఒక సెంటీమీటరు నిడివిలో ఎన్ని తరంగాలు పడతాయో అది. ప్రొటీన్ల వెన్నెముకలో ఉండే ప్రధాన బంధం 1650 దగ్గర మింగుతుంది. కొవ్వుల్లో ఎస్టర్ బంధం 1740 దగ్గర, వాటి పొడుగాటి తోకలు 2850, 2920 దగ్గర. ఫాస్ఫేట్ గుంపులు 1240, 1080 దగ్గర. లాక్టేట్ చిన్న గుర్తు 1127 దగ్గర వదులుతుంది. గ్లైకోజెన్ 1150 నుంచి 1030 దాకా ఉన్న మేరలో తన గుర్తులు పెడుతుంది. పచ్చి అరటికాయలోని పిండిపదార్థాన్ని పరారుణంలో చూసినా ఇదే మేరలో కనబడుతుంది. పిండీ గ్లైకోజెనూ రెండూ గ్లూకోజు గొలుసులే కదా, కంపనాలు కూడా ఒక కుటుంబంవే. కాయ పండుతున్న కొద్దీ ఆ పిండి చక్కెరగా మారినట్టే, మెదడులో గ్లైకోజెన్ కరిగి చివరికి లాక్టేటుగా బయటపడుతుంది. తేడా ఏమిటంటే అరటికి రోజులు పడుతుంది, మెదడుకు నిమిషాలు.

మరి దీన్ని బొమ్మగా ఎలా మారుస్తారు? పాత పరికరాలు పట్టకంతో రంగులను విడదీసి ఒక్కొక్కటే కొలిచేవి. ఇప్పటివి అన్ని తరంగాలనూ ఒకేసారి పంపి, ఒక అద్దాన్ని ముందుకీ వెనక్కీ కదిపి, వచ్చిన చిక్కుముడి సంకేతాన్ని ఫూరియర్ గణితంతో విప్పుకుంటాయి. దీన్నే ఎఫ్‌టీఐఆర్ అంటారు. 1995లో అమెరికాలో నీల్ లూయిస్ బృందం ఈ పరికరానికి వేల గళ్ళున్న పరారుణ డిటెక్టరును జతచేసి చూపించింది. చీకట్లో శత్రువును చూసే సైనిక కెమెరాల కోసం పెరిగిన సాంకేతికత అది. ఇప్పుడు వాడే డిటెక్టర్లలో 128 వరసలు, వరసకు 128 గళ్ళు ఉండేవి ఉన్నాయి. అంటే ఒక్క దఫాలో 16,384 చోట్ల వర్ణపటం తీస్తుంది. ప్రతి గడీలోనూ కొవ్వు ఎంత, ప్రొటీన్ ఎంత, లాక్టేట్ ఎంత అని లెక్కగట్టి రంగులు పూస్తే ఒకే ముక్క నుంచి చాలా పటాలు వస్తాయి. రంగు మందులేవీ పుయ్యలేదు, యాంటీబాడీలు అంటించలేదు. అణువులే తమ గుర్తు చెప్పుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద అద్దకాలు వేసి చూసే పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. అద్దకం వేసినప్పుడు మందు ఎంత లోతు దిగింది, ఎంత అంటుకుంది అన్న అనుమానం ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

మెదడు ముక్కలను ఇలా చూడటం 1990ల్లో మొదలైంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని స్టీవెన్ లెవిన్, డేవిడ్ వెట్జెల్ అప్పటికే నాడీ కణజాలం మీద పరారుణ సూక్ష్మదర్శినితో పనిచేసి, 1999లో 'సైన్స్' పత్రికలో ఈ విధానం గురించి రాశారు. పక్షవాతం మీద ఎక్కువ పని కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడ పనిచేసిన మార్క్ హాకెట్ తర్వాత ఆస్ట్రేలియాలో పెర్త్ నగరపు కర్టిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి దాన్ని కొనసాగించారు.

ప్రయోగం చిట్టెలుకల మీద. పక్షవాతాన్ని తెప్పించడానికి వాళ్ళు వాడే పద్ధతుల్లో ఒకటి 1985లో బ్రాంట్ వాట్సన్ బృందం వివరించినది. రోజ్ బెంగాల్ అనే ఎర్రటి రంగును రక్తంలోకి ఎక్కించి, పుర్రె మీద ఒక చోట వెలుగు పెడతారు. వెలుగు తగిలిన చోటే ఆ రంగు రక్తనాళం లోపొరను దెబ్బతీసి గడ్డ కట్టేలా చేస్తుంది. వెలుగుతో పక్షవాతం తెప్పించి, వెలుగుతోనే దాన్ని చదవడమన్నమాట. ఈ పద్ధతిలో దెబ్బ ఎక్కడ తగలాలో పరిశోధకుడే నిర్ణయిస్తాడు, అది దీని సుగుణం. మనుషులకు పక్షవాతం ఇంత పద్ధతిగా రాదు, అది దీని లోపం.

ముక్కను తయారుచెయ్యడం దగ్గరే సగం శాస్త్రం ఉంది. మామూలు పాథాలజీ ల్యాబులో గాజు పలక మీద వేస్తారు. గాజు మధ్య పరారుణాన్ని మింగేస్తుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. కాల్షియం ఫ్లోరైడ్ బిళ్ళల మీద పరుస్తారు, అవి ఖరీదైనవి. మందం పది మైక్రాన్లు, వెంట్రుక మందంలో చిన్న పాలు. నీరు 1640 దగ్గర మింగుతుంది, ప్రొటీన్ గుర్తు 1650 దగ్గర. నీరుంటే ప్రొటీన్ కనబడదు, కాబట్టి ముక్కను ఆరబెట్టాలి. పరికరంలో కాంతిని చీల్చే పలకకు తరచు పొటాషియం బ్రోమైడ్ వాడతారు, అది గాలిలోని తేమను పీల్చి పాడైపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో అలాంటి పరికరాన్ని కాపాడుకోవడం వేరే ఉద్యోగం. ఏసీ గది, సిలికా జెల్ సంచులు, పొడి గాలి సిలిండర్లు లేకుండా నడవదు.

ఫార్మలిన్ సంగతి మరీ ముఖ్యం. ఆస్పత్రుల్లో దాచే కణజాలమంతా ఫార్మలిన్‌లో ఊరినదే. 2011లో హాకెట్ బృందం ఎలుక మెదడుతో చూపించిందేమిటంటే, ఫార్మలిన్‌లో ఉంచే ప్రక్రియే మెదడు రసాయనాన్ని మార్చేస్తుంది. చిన్న అణువులు, అయాన్లు కడుక్కుపోతాయి. కాబట్టి ఎన్నో ఏళ్ళుగా సీసాల్లో దాచుకున్న మెదళ్ళన్నీ ఈ పనికి దాదాపు నిరుపయోగం. మరి తాజాగా తీసి చూద్దామా అంటే, అక్కడా చిక్కే. రక్తం ఆగిన క్షణం నుంచీ లాక్టేట్ పెరుగుతూనే ఉంటుంది. ఎలుక మెదడును బయటికి తీసే వ్యవధిలోనే పక్షవాతం తగలని సగంలో కూడా లాక్టేట్ లేచిపోతుంది. అప్పుడు బొమ్మలో కనబడేది పక్షవాతమా, పరిశోధకుడి ఆలస్యమా? అందుకే క్షణాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచేస్తారు, గడ్డకట్టిన స్థితిలోనే ముక్కలు కోస్తారు.

సుబ్బారావుకూ ఇలాంటి తంటాయే ఎదురైంది. కండరపు రసానికి మాలిబ్డేటు కలిపితే నీలం రావలసినంత వేగంగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకెవరైనా అయితే పరికరాన్ని తిట్టుకుని మళ్ళీ కలిపేవారు. ఫిస్క్, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఏదో నాజూకు పదార్థం పరీక్ష జరుగుతుండగానే విరిగి ఫాస్ఫేటును వదులుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. అంతకుముందు వాళ్ళందరూ దాన్ని ముందే విరిగిపోయిన ఫాస్ఫేటుగా లెక్కవేసుకున్నారు. తొంభై ఏళ్ళ తర్వాత పరారుణ బొమ్మలు తీసేవాళ్ళు కూడా ముందు తేల్చుకోవలసింది అదే: చూస్తున్నది మెదడులో ఉన్నదేనా, చూసే పనిలో పుట్టినదా. క్రియాటిన్ విషయంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2006లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు కాథ్లీన్ గఫ్ బృందం పరారుణంతో అల్జీమర్స్ మెదడు ముక్కల్లో క్రియాటిన్ స్ఫటికాల్లా పేరుకుని ఉన్న చోట్లను కనిపెట్టింది. ఎవరికీ అంతకుముందు తట్టని విషయం. బతికున్న కణంలో అది అలాగే ఉంటుందా, ముక్క ఆరేటప్పుడు అలా పేరుకుందా అని అడగడం శాస్త్రజ్ఞుడి ధర్మం.

జాగ్రత్తలన్నీ తీసుకున్నాక ఏం దొరికింది? 2016లో 'అనలిటికల్ కెమిస్ట్రీ' పత్రికలో హాకెట్ బృందం ఒకే మెదడు ముక్కలో గ్లైకోజెన్‌నూ లాక్టేట్‌నూ ఒకేసారి బొమ్మ తీసి చూపించింది. పక్క ముక్కలో గ్లియల్ కణాలకు అద్దకం వేసి, రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మెదడులో గ్లైకోజెన్ నిల్వ ఉంచుకునేది ప్రధానంగా ఆస్ట్రోసైట్లు, న్యూరాన్లకు తోడుండే ఒక రకం గ్లియల్ కణాలు. అవసరమొస్తే అవి గ్లైకోజెన్‌ను కరిగించి లాక్టేటుగా న్యూరాన్లకు అందిస్తాయన్నది చాలామంది ఒప్పుకునే వాదన. పక్షవాతం తర్వాత గ్లియల్ కణాల్లో గ్లైకోజెన్ పేరుకుంటుందని అద్దకాల ద్వారా ముందే తెలుసు. అది కరిగి ఏమవుతోందో అద్దకం చెప్పలేదు. రెండింటినీ ఒకే ముక్కలో చూస్తే, నిల్వ పెరిగింది తోడ్పడటానికా, వాడుకోలేక పేరుకుపోయిందా అన్న ప్రశ్నను చోటు చోటుకూ వేసి చూడవచ్చు.

అదే ఏడాది సస్కచెవాన్‌లో శాలీ కెయిన్, హాకెట్, వాళ్ళ తోటివాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. పరారుణ పటానికి సింక్రోట్రాన్ అనే యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌రేలతో తీసిన మూలకాల పటాన్ని జతచేశారు. పంపులు ఆగిన చోట పొటాషియం కారిపోతుంది, కాల్షియం లోపలికొస్తుంది. అవి బంధాలు కాదు, అయాన్లు, కాబట్టి పరారుణానికి కనబడవు, ఎక్స్‌రేకు కనబడతాయి. ప్రొటీన్లు మడత చెడి ఒకదానికొకటి అతుక్కుంటే 1650 దగ్గరి గుర్తుకు 1630 కిందుగా ఒక భుజం మొలుస్తుంది, అది పరారుణానికే దొరుకుతుంది. రెండు పటాలూ ఒకదానిమీదొకటి పరిస్తే, పంపులు ఆగిన గీత, ప్రొటీన్లు చెడిన గీత, కొవ్వు మారిన గీత ఒకటేనా కాదా అని సరిచూసుకోవచ్చు. చావుకు ఒకే అంచు ఉందనుకునే మన అలవాటును ఇలాంటి బొమ్మలు ప్రశ్నిస్తాయి. ఈ పరిశోధనలన్నిట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఇదంతా విని "మరి రాజమండ్రిలో ఈ స్కాన్ ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాళ్ళుంటారు. రాదు. మధ్య పరారుణం నీరున్న కణజాలంలో కొన్ని పదుల మైక్రాన్లకు మించి దిగదు. పుర్రె సంగతి దేవుడెరుగు, నుదుటి చర్మమే దాటదు. బతికున్న మనిషి మెదడులో లాక్టేట్ చూడాలంటే ఎంఆర్ఐ యంత్రంతోనే చేసే స్పెక్ట్రోస్కోపీ ఉంది, కానీ అది మామూలుగా ఒక ఘన సెంటీమీటరు అంత జాగాకు ఒక సగటు ఇస్తుంది. పరారుణం మైక్రాన్ల లెక్కన చూస్తుంది గానీ చచ్చిన ముక్కనే చూస్తుంది. కాబట్టి ఈ పని ఫలితం రోగి మంచానికి చేరాలంటే మందుల దారిలోనే చేరాలి. ఏ అణువును, ఏ గంటలో, ఏ చోట కాపాడితే పెనంబ్రా నిలుస్తుందో తెలిస్తే అక్కడ పనిచేసే మందు వెతకవచ్చు.

ఆ దారి చరిత్ర మాత్రం అంత ఆశాజనకం కాదు. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు విక్టోరియా ఓకాలిన్స్ బృందం ప్రయోగశాలల్లో ప్రయత్నించిన పక్షవాతపు చికిత్సలన్నిటినీ ఏరి లెక్కబెట్టింది. 1,026 తేలాయి. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. ఎలుకలను కాపాడిన మందులు మనుషులను ఎందుకు కాపాడలేదు? ఎన్ఎక్స్‌వై-059 అనే మందు జంతువుల్లో బాగా పనిచేసింది, 2006లో మనుషుల మీద మొదటి పెద్ద పరీక్షలో ఆశ పుట్టించింది, 2007లో అంతకన్నా పెద్ద పరీక్షలో ఉత్తిచేతులతో మిగిలింది. కారణాలు చాలా చెబుతారు. మందు ఇచ్చిన వేళ తేడా ఒకటి. ప్రయోగశాల ఎలుక వయసులో ఉన్నది, బీపీ షుగర్లు లేనిది. రోగి అరవై దాటినవాడు, రెండూ ఉన్నవాడు.

ఇంకో కారణం నేరుగా పరారుణం చూడగలిగినది. న్యూరాన్ల తోకలకు కొవ్వు తొడుగు చుట్టి ఉండే తెల్లపదార్థం ఎలుక మెదడులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. మనిషి మెదడులో దాదాపు సగం అదే. బూడిదపదార్థాన్ని కాపాడే మందు ఎలుకలో గొప్పగా కనబడి మనిషిలో తేలిపోవడానికి ఇదొక్కటీ చాలు. కొవ్వు ఎక్కువున్న తెల్లపదార్థం 2850, 2920, 1740 గుర్తుల వల్ల పరారుణ బొమ్మలో అద్దకం లేకుండానే ఉవ్వెత్తున వెలుగుతుంది. పక్షవాతం తర్వాత ఆ తొడుగులు ఏ రోజు, ఏ చోట పల్చబడుతున్నాయో చూడటానికి ఇంతకన్నా అనువైన కన్ను దొరకదు. అందుకు తెల్లపదార్థం ఎక్కువగా, మడతలు పడిన మెదడు కావాలి, అంటే గొర్రె, పంది లాంటి జంతువుల మెదడు. పక్షవాతం పరిశోధనలో వాటిని ఇప్పటికే వాడుతున్నారు. అక్కడ మళ్ళీ పాత చిక్కే కొత్త కొలతలో ఎదురవుతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచితే చిట్టెలుక మెదడు గడ్డకట్టినంత త్వరగా గొర్రె మెదడు నడిభాగం గడ్డకట్టదు. పైపొర చల్లబడుతుండగా లోపల ఏటీపీ కరుగుతూనే ఉంటుంది, లాక్టేట్ పెరుగుతూనే ఉంటుంది. కొవ్వుల పటానికి ఆ ఆలస్యం పెద్దగా అడ్డురాదు, అవి అంత త్వరగా మారవు. లాక్టేట్ పటానికి మాత్రం, పెద్ద మెదడును నడిమిదాకా క్షణాల్లో నిలిపే ఉపాయం ముందు దొరకాలి.